డెల్టా నేలలో పునాది తవ్వకం: ఊట నీటిని, మెత్తని మట్టిని అదుపులో పెట్టే పద్ధతి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇంటి పునాదికి మీటరున్నర తవ్వితే ఊట రావడం మామూలే. కాలువలు పారే రోజుల్లో, పక్కన వరి చేనో చేపల చెరువో ఉంటే, మీటరు కూడా తవ్వక్కర్లేదు. పైన నల్లటి బంకమట్టి, దాని కింద సన్నటి దువ్వ ఇసుక, ఇంకా దిగితే ముతక బొండు ఇసుక. చాలా స్థలాల్లో వరస ఇదే, పొరల మందం మాత్రం వీధి వీధికీ మారుతుంది. అలాంటి చోట రెండు మూడు అంతస్తుల ఇంటికో, చిన్న అపార్టుమెంటుకో 1.5 నుంచి 2.5 మీటర్ల లోతున ఫుటింగులు (ఒక్కో స్తంభం కింద విడిగా వేసే కాంక్రీటు దిమ్మెలు) గానీ రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకటే కాంక్రీటు పలక) గానీ వేయడానికి గుంత ఎలా తవ్వాలో ఇక్కడ చెబుతున్నాం.

ఎక్కువ సైట్లలో ముందు జేసీబీ వస్తుంది, గుంత పడుతుంది, నీరు ఊరుతుంది, అప్పుడు మోటారు కోసం పరుగు మొదలవుతుంది. ఈ వరసే తప్పు. ముందు నీటి మట్టం గుంత అడుగుకంటే కనీసం అర మీటరు కిందికి దిగాలి, ఆ తర్వాతే చివరి మట్టి తీయాలి. ఊట అడుగునుంచి పైకి తన్నుకొస్తున్నప్పుడు ఇసుక రేణువుల మధ్య పట్టు సడలి ఆ పొర ఊబి అవుతుంది. తర్వాత ఎంత తోడినా దానికి పాత గట్టిదనం తిరిగి రాదు. ఇల్లు కూర్చునేది సరిగ్గా ఆ పొర మీదే.

ఎప్పుడు తవ్వాలి

గోదావరి డెల్టాలో రబీ పంట అయ్యాక, సుమారుగా ఏప్రిల్ రెండో పక్షం నుంచి జూన్ మొదటి రోజుల దాకా కాలువలు కట్టేస్తారు. తేదీలు ఏటా మారుతాయి కనుక ఇరిగేషన్ ఆఫీసులో గానీ ఊళ్లో రైతుల్ని గానీ అడిగి తెలుసుకోండి. ఆ కొద్ది వారాల్లో ఊట దిగిపోతుంది, చుట్టూ చేలల్లో నీరుండదు, వానలుండవు. ముహూర్తం ఏ నెలలో పెట్టుకున్నా సరే, తవ్వకం, పీసీసీ (అడుగున పరిచే ఇనుము లేని పలచటి కాంక్రీటు), ఫుటింగులు, చుట్టూ మట్టి పూడ్పు ఆ వ్యవధిలో అయ్యేట్టు చూసుకుంటే నీరు తోడే (డీవాటరింగ్) ఖర్చు బాగా తగ్గుతుంది. కుదరకపోతే జనవరి నుంచి మార్చి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉంటుంది, అప్పుడు గుంత తెరవకపోవడమే మేలు.

కాంక్రీటుకు డబ్బు, ఇనుము, మనుషులు సిద్ధంగా లేనప్పుడు కూడా గుంత తెరవొద్దు. తెరిచిపెట్టిన గుంతలో అడుగు మట్టి రోజురోజుకూ పాడవుతుంది. అమరావతిలో సచివాలయ టవర్ల రాఫ్ట్ పునాదులు 2019లో పనులు ఆగిన తర్వాత ఏళ్ల తరబడి నీటిలో ఉండిపోయాయి. 2024లో ఐఐటీ నిపుణులు పరిశీలించి, నీరంతా తోడించాకే పనులు మళ్లీ కదిలాయి. అంత పెద్ద రాఫ్ట్‌కు పరీక్షలు చేయించి చూసుకునే స్తోమత ఉంటుంది. మీ ఇంటి గుంతకు అది ఉండదు.

మట్టి పరీక్షలో ఏం అడగాలి

"సాయిల్ టెస్ట్ చేయించాం" అంటే చాలదు. రిపోర్టులో నాలుగు సంగతులు ఉండి తీరాలి: ఏ లోతులో ఏ పొర ఉంది, ప్రతి 1.5 మీటర్లకూ ఎన్ విలువ ఎంత, నీటి మట్టం ఎక్కడ ఉంది, అది ఏ తేదీన కొలిచారు. మే నెలలో కొలిచిన 2.8 మీటర్ల మట్టాన్ని నమ్ముకుని ఆగస్టులో తవ్వితే గుంత చెరువవుతుంది. వీటితోపాటు మట్టిలో, నీటిలో సల్ఫేట్లు, క్లోరైడ్లు, పీహెచ్ కూడా చూపించమనండి.

ఎన్ విలువ అంటే 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టాన్ని చివరి 30 సెంటీమీటర్లు దించడానికి పడిన దెబ్బల లెక్క. ఇసుకలో 10 లోపు వస్తే వదులు, 10 నుంచి 30 మధ్యస్థం. బంకమట్టిలో 4 లోపు వస్తే అది మెత్తన, వేలితో నొక్కితే దిగుతుంది. 8 దాటితే గట్టి కిందే లెక్క. ఇసుక మీద పునాది వేస్తున్నప్పుడు నీటి మట్టం ఫుటింగ్ అడుగు దాకా లేస్తే ఆ ఇసుక మోయగల బరువు దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే రిపోర్టులో ఇచ్చిన ఈ మోయగల బరువు (బేరింగ్ కెపాసిటీ) వానాకాలపు నీటి మట్టానికి లెక్కగట్టిందా అని తప్పకుండా అడగండి.

బోరు వేసినవాళ్లు సామాన్లు సర్దుకోకముందే ఆ రంధ్రంలో ఒక పీవీసీ పైపు దించమని చెప్పండి. ఒకటిన్నర అంగుళాల పైపు, కింది అర మీటరుకు హాక్సా బ్లేడుతో గాట్లు, దాని చుట్టూ నైలాన్ తెర. గాట్లున్న భాగం ఇసుక పొరలో ఉండాలి. పైపు చుట్టూ బొండు ఇసుక పోసి, పైభాగాన్ని బంకమట్టితో గట్టిగా మూసేయాలి, లేకపోతే వాన నీరు దిగి తప్పు లెక్క చూపిస్తుంది. మరుసటి రోజునుంచి తాడుకు బరువు కట్టి మట్టం కొలవడమే. కొన్ని వందల రూపాయల ఈ పైపు పని అయ్యేదాకా మీకు కన్నులా పనిచేస్తుంది. బంకమట్టిలో మాత్రం నీరు చాలా నెమ్మదిగా చేరుతుంది. 24 గంటల తర్వాత పైపు ఎండిగా ఉన్నంత మాత్రాన నీరు లేదని కాదు.

ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది: ఈ స్థలంలో ఎప్పుడైనా చెరువు గానీ, బావి గానీ, ఇటుకల బట్టీ గుంట గానీ ఉండేదా? పూడ్చిన చెరువు మీద వేసిన ప్లాట్లు డెల్టా పట్టణాల్లో కొల్లలు. రెండు బోర్ల మధ్య పడిన పాత బావిని ఏ రిపోర్టూ పట్టుకోదు.

ఊట ఎంత వస్తుందో లెక్క

పునాది గీతల బయట, ఒక మూలన 1.5 మీటర్లు పొడవు, 1.5 మీటర్లు వెడల్పుతో ట్రయల్ గుంత తీయండి. లోతు అసలు గుంత అడుగు దాకా ఉండాలి. మీటరు దాటాక మనిషిని దించొద్దు, మెషీన్‌తోనే తీయించండి. నీరు తోడేసి, మోటారు ఆపి, గుర్తులు పెట్టిన కర్ర గుచ్చి, పది నిమిషాల్లో మట్టం ఎంత లేచిందో చూడండి.

20 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. 1.5 × 1.5 × 0.20 అంటే 450 లీటర్లు, నిమిషానికి 45 లీటర్లు. ఈ గుంత చుట్టుకొలత 6 మీటర్లు, కాబట్టి మీటరుకు నిమిషానికి 7.5 లీటర్లు. అసలు గుంత 12 × 10 మీటర్లయితే చుట్టుకొలత 44 మీటర్లు, ఊట నిమిషానికి 330 లీటర్లు. విస్తీర్ణం లెక్కన హెచ్చవేస్తే చాలా ఎక్కువ వస్తుంది, అలా చేయొద్దు. చుట్టుకొలత లెక్కే తీసుకుని, మట్టి తేడాలకు, వానకు రెట్టింపు చేయండి: నిమిషానికి 660 లీటర్లు, అంటే సెకనుకు 11 లీటర్లు. 2 హెచ్‌పీ డీవాటరింగ్ పంపు 8 మీటర్ల హెడ్‌కు అంటే నీటిని అంత ఎత్తుకు ఎత్తేటప్పుడు సెకనుకు సుమారు 6 నుంచి 8 లీటర్లు పోస్తుంది, కచ్చితమైన అంకె పంపు మీది రేకు చూస్తే తెలుస్తుంది. కాబట్టి ఇక్కడ రెండు పంపులు నడవాలి, మూడోది చేతిలో ఉండాలి. బోరు బావుల్లో వాడే సన్నటి సబ్‌మెర్సిబుల్ ఈ పనికి పనికిరాదు, బురదకు గంటల్లో జామ్ అవుతుంది.

నిమిషానికి ఇన్ని లీటర్లన్న లెక్క ఒక్కటే పద్ధతిని తేల్చదు. అడుగున ఏముందో చూడాలి. అడుగు గట్టి బంకమట్టిలో ఉండి ఊట పక్కలనుంచి మాత్రమే కారుతుంటే గుంత లోపలి సంపుతో (నీరు చేరేలా ఒక మూల ఇంకా లోతుగా తీసిన చిన్న గుంట) తోడితే సరిపోతుంది. అడుగు దువ్వ ఇసుకలోకి దిగుతుంటే గుంత బయటి నుంచే నీరు లాగాలి, వేరే దారి లేదు. హైదరాబాద్ వైపు రాతి నేలల్లో కథ వేరు. అక్కడ నీరు మట్టికీ రాయికీ మధ్య అతుకు వెంట వచ్చి గోడలోంచి కారుతుంది. ఆ అతుకు దగ్గరే కాలువ తీసి మళ్లించాలి.

సంపుతో తోడటం

ఫుటింగ్ లేదా రాఫ్ట్ అంచుకు 60 సెంటీమీటర్లు వదిలి, గుంత లోపల చుట్టూ 30 × 30 సెంటీమీటర్ల కాలువ తీయండి. మూలనున్న సంపు వైపు 100కు 1 వాలు ఉండాలి. సంపు ఎప్పుడూ కాంక్రీటు పడే చోటుకు బయటే ఉండాలి. దాని అడుగు గుంత అడుగుకంటే 75 సెంటీమీటర్లనుంచి మీటరు కిందికి ఉండాలి. చుట్టూ రంధ్రాలు పెట్టిన 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము దించి, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి, బయట 20 ఎంఎం కంకర 15 సెంటీమీటర్ల మందాన పోయండి. డ్రమ్ము అడుగున కూడా ఒక పొర కంకర ఉండాలి. కాలువల్లోనూ కంకర నింపితే గట్లు కూలవు, మనుషులు తొక్కినా పూడవు.

సంపు గుంతకంటే ముందు నడవాలి. ముందు సంపు దిగుతుంది, నీరు అందులోకి లాగుతుంది, ఆ తర్వాత చుట్టూ 50 సెంటీమీటర్ల మట్టి తీస్తారు. మళ్లీ సంపు, మళ్లీ మట్టి.

బయటికి వచ్చే నీటిని రోజుకు రెండుసార్లు తెల్లటి బకెట్‌లో పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైనీరు మెల్లగా ఒంచేసి, అడుగు తడమండి. మొదటి గంటలో కాస్త మడ్డి ఉండటం సహజం. మూడో రోజున కూడా బకెట్ అడుగున ఇసుక పలకలా పేరుకుంటుంటే మీరు నీటితోపాటు నేలనూ తోడుతున్నారు. ఆ ఇసుక మీ గుంత పక్క నుంచో, పొరుగింటి పునాది కింది నుంచో వస్తోంది. వెంటనే పంపు వేగం తగ్గించి, సంపు చుట్టూ ఫిల్టరు సరిచేయాలి. అప్పటికీ ఆగకపోతే ఈ పద్ధతి ఇక్కడ చెల్లదనే అర్థం.

తోడిన నీరు గుంత పక్కనే వదిలితే అదే నీరు తిరిగి గుంతలోకి వస్తుంది. కనీసం 20 మీటర్ల అవతల, మడ్డి తేరుకునే చిన్న తొట్టిలో పడేసి, అక్కడినుంచి మురుగు కాలువలోకి వదలాలి. నేరుగా వదిలితే వీధి కాలువ పూడిపోయి మున్సిపాలిటీతో తంటా వస్తుంది.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. నీటిలో పంపు, తడి నేలలో మనుషులు: ప్రాణం తీసేది ఇక్కడే. ప్రతి పంపుకూ విడిగా ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, అతుకులు లేని కేబులు వాడాలి. ఎవరైనా నీటిలో దిగేముందు పంపు ఆపాలి. డీజిల్ ఇంజన్ పంపును గుంతలోకి దించొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ గుంతలోనే నిలిచి, వాసన కూడా తెలియకుండా మనిషిని పడేస్తుంది.

ఫిల్టర్ పాయింట్లు

డెల్టా రైతులకు ఫిల్టర్ పాయింట్ కొత్త కాదు. ఇసుక పొరలోకి దించి నీరు లాగే, కొసన జల్లెడ ఉన్న సన్నటి పైపు అది. అదే పరికరాన్ని గుంత చుట్టూ వరసగా దించి, ఒకే పైపుకు కలిపి లాగితే ఇసుక నేలకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. గుంత అంచుకు మీటరు బయట, 1.5 నుంచి 2 మీటర్లకు ఒకటి చొప్పున 50 ఎంఎం పైపులు, కింద మీటరు పొడవు ఫిల్టరు. దాని కొస గుంత అడుగుకంటే కనీసం 1.5 మీటర్లు లోతుగా ఉండాలి. 12 × 10 మీటర్ల గుంతకు వరస పొడవు 52 మీటర్లు, రెండు మీటర్లకు ఒకటనుకుంటే 26 పాయింట్లు. అన్నింటినీ 150 ఎంఎం హెడర్ పైపుకు, ఒక్కోదానికి ఒక్కో వాల్వు పెట్టి, కలపాలి.

ఈ వాల్వుల దగ్గరే చాలామంది కక్కుర్తి పడతారు. ఒక్క పాయింటు గాలి లాగినా హెడర్‌లో వాక్యూమ్ పడిపోయి మిగతావన్నీ నీరు వదిలేస్తాయి. వాల్వు ఉంటే ఆ ఒక్కదాన్ని సగం మూసి సరిచేయొచ్చు. లేకపోతే మొత్తం ఆపాల్సిందే. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది: నీరు లాగే పైపు చల్లగా, నిలకడగా ఉంటుంది, గాలి లాగేది గలగలమని అదురుతుంది.

పైనుంచి పీల్చే పంపు 5 నుంచి 6 మీటర్లకు మించి లాగలేదు. వాతావరణ పీడనం పెట్టిన హద్దు అది, పెద్ద మోటారు పెట్టినా మారదు. అంతకంటే లోతు కావాలంటే నాలుగైదు బోర్లు వేసి లోపల సబ్‌మెర్సిబుల్ పంపులు దించాలి. తవ్వకానికి రెండు మూడు రోజుల ముందే పంపింగ్ మొదలెట్టి, కొలత పైపులో మట్టం గుంత అడుగుకు అర మీటరు కిందికి చేరాకే జేసీబీని పిలవండి. మొదలెట్టాక రాత్రీ పగలూ నడవాలి. జనరేటరు, డీజిలు, రాత్రి కాపలాకు మనిషి ముందే సిద్ధంగా ఉండాలి. రెండు గంటలు కరెంటు పోతే వారం పని పాడవుతుంది.

ఎండిగా కనిపించే అడుగు చేసే మోసం

ఊటే రాని గుంత కూడా ప్రమాదకరమే కావచ్చు. పైన బంకమట్టి, కింద ఇసుక ఉన్న నేలలో ఇసుకలోని నీరు ఒత్తిడిలో ఉంటుంది. బంకమట్టి మూతలా దాన్ని అదిమిపెడుతుంది. తవ్వేకొద్దీ మీరు ఆ మూతను పలచబరుస్తున్నట్టే.

ఒక లెక్క చూడండి. బంకమట్టి నేల మట్టం నుంచి 3.2 మీటర్ల దాకా ఉంది. ఇసుకలోకి దించిన పైపులో నీరు నేలకు 1 మీటరు కిందిదాకా లేస్తోంది. గుంత లోతు 2.4 మీటర్లు. అంటే అడుగున మిగిలిన బంకమట్టి 0.8 మీటర్లు. ఘనపు మీటరుకు 1.8 టన్నుల చొప్పున దాని బరువు చదరపు మీటరుకు 1.44 టన్నులు. కింది నుంచి నీరు తన్నే ఒత్తిడి 3.2 − 1.0 = 2.2 మీటర్లు, అంటే 2.2 టన్నులు. మూత ఎగరాల్సిందే. ముందు గుంత మధ్యలో నేల మెల్లగా ఉబ్బుతుంది, తర్వాత పగులు పడి అందులోంచి ఇసుక కలిసిన నీరు బుగ్గలా వస్తుంది. ఒకసారి వచ్చాక ఆపడం కష్టం.

మూత బరువు ఒత్తిడికి కనీసం 1.2 రెట్లు ఉండాలి. 1.44ను 1.2తో భాగిస్తే 1.2 మీటర్లు. అంటే మూత ఎగరకుండా ఉండాలంటే కనీసం పైపులో నీరు నేలకు 2 మీటర్ల కిందికి దిగేదాకా, అంటే మరో మీటరు, లాగాకే 2.4 మీటర్లు తవ్వాలి. ఇసుకలోకి దించిన ఫిల్టర్ పాయింట్లు ఆ పని చేస్తాయి. లోపలి సంపు చేయలేదు, ఎందుకంటే దానికి ఆ నీరు అందనే అందదు.

బుగ్గ లేస్తే మొదట పంపు పెంచాలనిపిస్తుంది. అలా చేస్తే ఇసుక ఇంకా ఎక్కువ వస్తుంది. చేయాల్సింది దానికి వ్యతిరేకం: మనుషులను పైకి పంపి, గుంతలోకి నీరు నింపనివ్వండి. లోపలి నీటి బరువు కింది ఒత్తిడిని ఆపుతుంది. బుగ్గ చిన్నదైతే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మధ్యలో బొండు ఇసుక, ఆపై కంకర పోస్తే నీరు వస్తుంది గానీ ఇసుక ఆగుతుంది. ఆ తర్వాత బయట పాయింట్లు పెంచి మళ్లీ మొదలెట్టాలి.

గుంత పక్కలు, పొరుగిల్లు

మీటరున్నర దాటిన గుంతకు వాలు గానీ దన్ను గానీ లేకుండా మనిషిని దించకూడదు. తేమ తగ్గించిన ఇసుకకు మీటరు లోతుకు మీటరున్నర వాలు కావాలి. స్థలం లేకపోతే సర్వి కర్రలు అర మీటరుకు ఒకటి దిగ్గొట్టి, వెనక రేకులో చెక్కలో పెట్టి, అడ్డ దన్నులు బిగించాలి. రెండున్నర మీటర్లు దాటితే ఈ నాటు ఏర్పాటు చాలదు, ఇంజనీరు లెక్కగట్టిన షీట్ పైల్స్ (నేలలోకి దిగ్గొట్టే ఇనుప పలకలు) వేయాలి. బంకమట్టి గోడ మొదటి రోజు నిటారుగా నిలబడి నమ్మిస్తుంది. అంచుకు సమాంతరంగా వెనక సన్నటి పగులు కనిపించిందంటే ఆ ముక్క కూలడానికి సిద్ధంగా ఉన్నట్టే. తీసిన మట్టిని అంచుకు మీటరున్నర లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. లారీలు, కాంక్రీటు మిల్లరు ఇంకా దూరంగా ఉండాలి. చుట్టూ 30 సెంటీమీటర్ల మట్టి గట్టు వేస్తే వాన నీరు లోపలికి దిగదు.

పొరుగింటి పునాది మీ గుంతకంటే పైన ఉంటే, రెండింటి లోతు తేడాకు రెండింతల దూరం ఉన్నప్పుడే నిశ్చింత. లేకపోతే ఆ వైపు మొత్తం ఒకేసారి తెరవకుండా 1.2 మీటర్ల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు పోసి, పూడ్చి, ఆ తర్వాత మిగతావి తెరవాలి. ఊట ఒక మీటరు దించితే కింది మట్టి మీద చదరపు మీటరుకు అదనంగా టన్ను బరువు పెట్టినట్టవుతుంది, మెత్తని బంకమట్టి దానికి కుంగుతుంది. అందుకే పంపు వేయకముందే పొరుగింటి గోడల పగుళ్లను, తేదీ కనిపించేలా, ఇంటివాళ్ల ఎదుటే ఫొటో తీయండి. పాత పగుళ్లకు అడ్డంగా గాజు ముక్క అతికించండి. అది విరిగితే నేల కదులుతోందని తెలుస్తుంది, తర్వాత గొడవ వస్తే సాక్ష్యం కూడా అదే.

చివరి 15 సెంటీమీటర్లు

మెషీన్ అడుగుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల పైనే ఆగిపోవాలి. బకెట్ పళ్లు అడుగును దున్నినట్టు కెలికేస్తాయి. మిగిలిన మట్టిని పారతో, వెనక్కి నడుస్తూ, తీసిన చోటును తొక్కకుండా తీయాలి. పీసీసీ పడే రోజే తీయాలి, అదీ ఆ రోజు పోయగలిగినంత మేరే.

1. ఉదయం కొలత పైపులో మట్టం చూడండి. అడుగుకు అర మీటరు కింద లేకపోతే ఆ రోజు తీయొద్దు.
2. తీసిన చోట 12 ఎంఎం ఊచను మీటరుకో చోట చేత్తో నొక్కండి. ఒకచోట జానెడు దిగి, పక్కన దిగకపోతే అక్కడ మెత్తని గుంట ఉన్నట్టు. గట్టి నేల తగిలేదాకా తవ్వించండి.
3. ఇంజనీరు అడుగును రిపోర్టుతో పోల్చి చూసి ఒప్పుకోవాలి. నల్లగా, మురుగు వాసనతో ఉన్న మట్టి కనిపిస్తే పని ఆపండి, పూడ్చిన చెరువు అదే.
4. ఎక్కువ తవ్విన చోట తీసిన మట్టి తిరిగి పోయొద్దు. ఎం10 కాంక్రీటుతోనే నింపాలి.
5. గంటల్లోనే 75 నుంచి 100 ఎంఎం మందాన పీసీసీ పోసేయాలి.

బంకమట్టి అడుగు తడిసి జారుడైతే, దాని మీద కంకర చల్లి సరిపెట్టడం అలవాటు. కంకర ఆ బురదలో మునుగుతుంది, బురద మాత్రం అలాగే ఉంటుంది. ముందు మెత్తబడిన 10 సెంటీమీటర్లూ గీకి తీసేసి, తర్వాత 40 ఎంఎం కంకర, ఖాళీల్లో బొండు ఇసుక, దిమ్మిసాతో అదిమి, పైన పీసీసీ వేయాలి. ఇసుక అడుగును ప్లేట్ కాంపాక్టరుతో గట్టిపరచొచ్చు గానీ, నీరు 60 సెంటీమీటర్ల కిందికి దిగాకే. నీటితో నిండిన ఇసుకను అదిరిస్తే నీరు పైకి వచ్చి అడుగంతా జావవుతుంది. మెత్తని బంకమట్టి మీద వైబ్రేషనే వద్దు.

నల్లరేగడి ఉంటే

పునాది నల్లరేగడిలోనే ఆగితే ఊటతోపాటు ఉబ్బునూ చూడాలి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీటిలో మట్టి ఎంత ఉబ్బుతుందో చూపే అంకె) 50 శాతం లోపైతే ఇబ్బంది తక్కువ, 100 దాటితే ఎక్కువ. ఫుటింగ్ కింద రేగడి తీసి ఇసుక నింపడం అందరూ చేసే పని. చుట్టూ రేగడి, మధ్యలో ఇసుక అయితే అది తొట్టిలా వాన నీటిని పట్టి ఉంచి అడుగు రేగడిని మరింత ఉబ్బిస్తుంది. ఇసుకకు బదులు తడిపి పొరలుగా దిమ్మిస కొట్టిన గ్రావెల్ మట్టి వేయడం మంచిది. లోతైన రేగడిలో అండర్-రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే, కింది కొస దగ్గర ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు) కనీసం 3.5 మీటర్లు దిగాలి. కాని ఉబ్బెత్తు వచ్చే చోట నీరు నిండిన ఇసుక ఉంటే ఆ ఉబ్బెత్తు నిలవదు, రంధ్రం కూలకుండా ఆపే బెంటనైట్ బురద వాడాలి లేదా మామూలు పైల్స్‌కు మారాలి.

ఉప్పు నీరు, కాంక్రీటు

సముద్రానికి దగ్గర ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఊట నీరు ఉప్పగా ఉంటుంది. దాన్ని కాంక్రీటు కలపడానికి, తడపడానికి వాడొద్దు. ఇనుము ఉన్న కాంక్రీటులో వాడే నీటిలో లీటరుకు క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఫుటింగుల ఇనుముకు కనీసం 50 ఎంఎం కవర్ (ఇనుము చుట్టూ కాంక్రీటు మందం) ఉండాలి, కవర్ బ్లాకులు కాంక్రీటువే వాడండి, రాతి ముక్కలు వద్దు. క్లోరైడ్లున్న నేలకు స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన సిమెంటు నయం. సల్ఫేట్‌కు పనికొచ్చే ఎస్ఆర్‌సీ సిమెంటు క్లోరైడ్‌ను అంత బాగా ఆపదు, ఈ రెండూ ఒకటేననుకుని కొనేవాళ్లు ఉన్నారు.

కాంక్రీటు పోసేటప్పుడు అడుగున నీరు పారుతుంటే సిమెంటు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. పోసే ముందు నిలిచిన నీరు తీసేయాలి, పోశాక కనీసం 24 గంటలు నీరు తాకకుండా పంపులు నడవాలి.

పంపు ఎప్పుడు ఆపాలి

ఫుటింగ్ కాంక్రీటు గట్టిపడి, కాలమ్ మెడలు లేచి, చుట్టూ పూడ్పు పాత నీటి మట్టం దాటేదాకా ఆపొద్దు. పూడ్పు 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా, నాలుగు వైపులా సమంగా, తగిన తేమతో దిమ్మిస కొడుతూ వేయాలి. ఒకే పక్క నింపితే కాలమ్ పక్కకు నెట్టుకుపోతుంది. ఆపేటప్పుడు కూడా పాయింట్లను రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కటిగా మూయండి. ఒక్కసారిగా ఆపితే లేచే నీరు కొత్త పూడ్పును కడిగేస్తుంది.

అందరూ మరిచేది ఇంటికి నీరు నిల్వ చేసే సంపు (ఊట తోడే సంపు కాదు), సెప్టిక్ ట్యాంకు. బయటి కొలత 3 × 2 మీటర్లు, లోతు 2 మీటర్ల సంపు తీసుకోండి. 20 సెంటీమీటర్ల అడుగు, 15 సెంటీమీటర్ల గోడలు కట్టి, పై స్లాబ్ ఇంకా వేయలేదు, ఎత్తు 1.85 మీటర్ల దాకా వచ్చింది. కాంక్రీటు బరువు సుమారు 9 టన్నులు. చుట్టూ నీరు అంచుదాకా లేస్తే పైకి నెట్టే బలం 11 టన్నులు. స్లాబ్ వేశాక బరువు 11, నెట్టే బలం 12. ఖాళీ సంపు పడవలా తేలి, ఒక మూల లేచి, పైపులన్నీ విరుగుతాయి. లెక్కలో బరువు నెట్టే బలానికి 1.2 రెట్లు ఉండాలి. అడుగు స్లాబ్‌ను గోడల బయటికి 30 సెంటీమీటర్లు పొడిగిస్తే, దాని మీది మట్టి బరువు కలిసి సరిపోతుంది. అప్పటికే కట్టేసిన సంపు ఉండి వాన ముంచుకొస్తుంటే దాన్ని మంచినీటితో నింపేయండి. చుట్టూ పూడ్పు అయ్యేదాకా ఖాళీ చేయొద్దు.